పోటీ లేని ఊరు

పంచాయతీ ఎన్నికలకు నోటిఫికేషన్ వెలువడిన మర్నాటి నుంచే ఊళ్లలో ఏకగ్రీవం మాట మొదలవుతుంది. పెద్దమనుషులు కూర్చుంటారు. ఎవరెవరు నామినేషన్ వేశారో చూస్తారు. వేసినవాళ్లను పిలిపించి, నచ్చజెప్పో నోరుమూయించో, ఉపసంహరణ గడువు దాటేలోగా ఒక్కరిని మిగులుస్తారు. ప్రభుత్వాలు దీనికి బహుమతులు కూడా ప్రకటిస్తూ వచ్చాయి. 2019 జనవరి ఎన్నికలప్పుడు తెలంగాణలో ఏకగ్రీవమైన పంచాయతీకి 10 లక్షల రూపాయలు ఇస్తామన్నారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి రేటు కట్టింది: రెండు వేల లోపు ఊరికి 5 లక్షలు, ఐదు వేల లోపు ఊరికి 10 లక్షలు, పది వేల లోపు ఊరికి 15 లక్షలు, అంతకు మించితే 20 లక్షలు. ఈ ప్రోత్సాహం వెనక ఒక చరిత్ర కథనం ఉంది. పూర్వం ఊరు ఒక్కమాట మీద నడిచేదనీ, ఓటు వచ్చి దాన్ని చీల్చిందనీ, ఏకగ్రీవం అంటే ఆ పాత ఐకమత్యాన్ని తిరిగి తెచ్చుకోవడమేననీ ఆ కథనం చెబుతుంది. నిజంగా జరిగిన చరిత్ర ఇందుకు ఎదురుగా నిలబడుతుంది. తెలుగు నేల మీద సామాన్యులు స్థానిక పాలనలోకి అడుగు పెట్టగలిగింది పోటీకి దారి తెరుచుకున్న మేరకే. ఆ దారి మూసినప్పుడల్లా ఊరి అధికారం పాత చేతుల్లోకే వెళ్లింది.

ఓటుకు ముందు ఊళ్లో ఉన్నదేమిటో ముందు చూడాలి. మద్రాసు రాష్ట్రంలోని కోస్తా, రాయలసీమ గ్రామాల్లో మునసబు, కరణం. నిజాం రాజ్యంలోని తెలంగాణ గ్రామాల్లో పటేలు, పట్వారీ. ఇవి తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే పదవులు. భూమి లెక్కా, శిస్తు వసూలూ, చిన్న తగాదాల తీర్పూ, పోలీసులకు కబురూ అన్నీ వాళ్ల గుప్పిట్లోనే. రచ్చబండ దగ్గర కూర్చునే పెద్దల్లో వీళ్లూ, వీళ్లతో పొత్తున్న భూస్వాములూ, కులపెద్దలూ ఉండేవాళ్లు. హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను పరిశీలించి మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన గ్రంథం ఇలాంటి ఊరి కట్టడిని దగ్గరగా చూపిస్తుంది. అక్కడ పెద్దరికం పుట్టుకతో వచ్చేది, ఎంచుకుంటే వచ్చేది కాదు. ఇక ప్రాచీన ప్రజాస్వామ్యానికి సాక్ష్యంగా అందరూ చూపించే, తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనం సంగతి. పదో శతాబ్దం మొదట్లో, పరాంతక చోళుని కాలంలో, అక్కడి సభ తన కమిటీలను కుండలో పేర్ల చీటీలు వేసి తీయించింది. గొప్ప ఏర్పాటే. కానీ ఆ చీటీ మీద పేరు ఉండాలంటే పన్ను కట్టే భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదవిద్య తెలిసుండాలి. అది బ్రాహ్మణ అగ్రహార సభ. కుండలో చెయ్యి పెట్టేలోపే ఊళ్లో అత్యధికుల పేర్లు బయట ఉండిపోయాయి.

ఇంగ్లీషు ప్రభుత్వం తెచ్చిన స్థానిక సంస్థల్లోనూ సామాన్యుడికి చోటు లేదు. రిప్పన్ ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాక, 1884 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియన్ పంచాయతీలు వచ్చాయి. సభ్యుల్లో చాలామంది ప్రభుత్వం నియమించినవాళ్లు. ఓటు ఉన్నచోట కూడా అది ఆస్తిపరుల ఓటు. 1920లో గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది గాని, ఊరి పెత్తనాన్ని కదిలించేంత బలం దానికి లేదు. అయినా స్థానిక పాలన తమకు సంబంధించిన వ్యవహారమని తెలుగువాళ్లు గట్టిగా చెప్పిన సందర్భం ఆ కాలంలోనే వచ్చింది. అది పోలింగ్ కేంద్రంలో జరగలేదు.

చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో మున్సిపాలిటీ చేశారు. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను భారం దాదాపు పదిరెట్లయింది. జనంలో ఎక్కువమంది నేతపనివాళ్లు, చిన్న రైతులు. తమకు మున్సిపాలిటీ వద్దన్నారు, పన్ను కట్టం అన్నారు. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం మీద ఛైర్మన్‌ను పెట్టి నడిపించాలని చూసింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం సంఘటితమయ్యారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చి, శాంతియుతంగా పన్ను నిరాకరించడమో, మున్సిపల్ హద్దులు దాటి వెళ్లిపోవడమో చేయవచ్చని చెప్పాడు. వాళ్లు రెండో దారి పట్టారు. సుమారు పదిహేను వేల జనాభాలో పదమూడు వేల మంది దాకా ఇళ్లు వదిలి పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. ఆ వాడకు రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండలకూ వానలకూ ఓర్చుకుని, గోపాలకృష్ణయ్య అరెస్టయిన తరవాత కూడా, దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. తమ మీద పాలన ఎలా ఉండాలో తేల్చే హక్కు తమదేనని ఒక పట్టణం ఇంత ఖరీదు చెల్లించి చెప్పిన ఉదాహరణలు దేశ చరిత్రలో ఎక్కువ లేవు.

ఏకగ్రీవాన్ని సమర్థించేవాళ్లకు చీరాల ఉదాహరణ నచ్చాలి. ఊరంతా ఒక్కటైతే ఎంత శక్తి వస్తుందో అది చూపించింది కదా అనవచ్చు. నిజమే, చూపించింది. ఆ ఐక్యత ఎవరికి ఎదురుగా నిలబడిందో కూడా చూడాలి. నేతపనివాడికీ రైతుకీ పైన కూర్చున్న అధికారం మీదికి అది లేచింది. ఒక్కొక్క కుటుంబం తాళం వేసుకుని బయటికి నడిచి తన నిర్ణయాన్ని తానే చెప్పింది. వద్దనుకున్నవాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు కూడా. చావడి మీద నలుగురు కూర్చుని మిగతా ఊరి తరఫున తేల్చేసే ఒప్పందానికీ దీనికీ పోలిక లేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలోనూ ఇదే కనిపిస్తుంది. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన చరిత్ర ప్రకారం సుమారు మూడు వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి. ఊరి కమిటీలు వెట్టిని ఆపాయి, భూములు పంచాయి. ఆ కమిటీలు దేశ్‌ముఖ్ గడీకి ఎదురు నిలిచినందువల్లే పుట్టాయి. గడీతో రాజీపడి ఒక్కమాట మీదికి రావడమే ఐకమత్యమైతే అవి పుట్టేవే కావు.

రాజ్యాంగ సభలో ఈ విషయం మీద పెద్ద చర్చే జరిగింది. ముసాయిదాలో గ్రామ పంచాయతీల ఊసే లేకపోవడం టంగుటూరి ప్రకాశం, ఎన్.జి. రంగా వంటివారికి మింగుడుపడలేదు. స్వాతంత్ర్యోద్యమం పల్లెల మీద నడిచిందనీ, పల్లెకు అధికారం ఇవ్వని రాజ్యాంగం అసంపూర్ణమనీ వాళ్ల వాదన. 1948 నవంబరు 4న అంబేడ్కర్ మాత్రం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతతత్వానికీ ఊరు నిలయమని చెప్పి, వ్యక్తినే రాజ్యాంగానికి పునాది చేసినందుకు సంతోషపడ్డాడు. చివరికి కె. సంతానం సవరణతో పంచాయతీల ఏర్పాటు 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో చేరింది. ఈ రెండు వాదనల్లో ఏది ఒప్పు అని తేల్చుకోవాల్సిన పని మనకు లేదు. ప్రకాశం అడిగిన పంచాయతీ అంబేడ్కర్ భయపడిన ఊరి చేతుల్లో పడకుండా కాపాడేది ఏమిటన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు రహస్య ఓటు. ఎవరికీ చెప్పకుండా, ఎవరి కంటా పడకుండా, ఒక కూలీ తన ఆసామికి వ్యతిరేకంగా వేయగల ఓటు. ఏకగ్రీవం తీసి పక్కన పెట్టేది సరిగ్గా దాన్నే.

స్వతంత్రం వచ్చాక ముప్ఫై ఏళ్ల పాటు ఆ ఓటు చేతిలో ఉండి కూడా పెద్దగా పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో చూస్తే ఏది పనిచేస్తుందో తెలుస్తుంది. బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల వ్యవస్థను సిఫారసు చేసింది. రాజస్థాన్ తరవాత దాన్ని అందుకున్న రెండో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1959 అక్టోబరు 11న నెహ్రూ మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించాడు. సమితులకూ జిల్లా పరిషత్తులకూ నిజమైన డబ్బు, నిజమైన అధికారం వచ్చాయి. అయితే సర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు మెంబర్లు. సర్పంచులు కలిసి సమితి అధ్యక్షుణ్ణి, సమితి అధ్యక్షులూ మరికొందరూ కలిసి జిల్లా పరిషత్ ఛైర్మన్‌ను ఎన్నుకునేవాళ్లు. పైకి పోయేకొద్దీ ఓటర్లు కొన్ని పదుల మందికి కుదించుకుపోయేవాళ్లు. అంత తక్కువమందిని కొనవచ్చు, బెదిరించవచ్చు, లారీ ఎక్కించి ఎన్నిక రోజు దాకా క్యాంపులో ఉంచవచ్చు. ఓటరుకు తెలిసింది వార్డు వరకే. ఊరి పదవి ఎవరికి పోతుందో తేలేది దొరగారి వరండాలోనో ఆసామి అరుగు మీదో.

మార్గెరిట్ రాబిన్సన్ అనే మానవశాస్త్రవేత్త మెదక్ జిల్లా రాజకీయాలను ఏళ్ల తరబడి గమనించి 1988లో ఒక పుస్తకం వెలువరించింది. చిన్న చేపను పెద్ద చేప మింగే మత్స్యన్యాయాన్ని ఆ పుస్తకం పేరులోనే పెట్టింది. ఊళ్లో పేదల ఓట్లు ఒక మూటగా కట్టి భూస్వామి చెప్పినచోట పడుతూ ఉండేవనీ, 1977 తరవాతి కాలంలో ఆ మూట విడిపోవడం మొదలైందనీ ఆమె చూపించింది. భూసంస్కరణల మాట, బ్యాంకు అప్పులు, ఇళ్ల స్థలాలు, ఊరి బయట కూలి దొరకడం వంటివి ఆసామి మీద ఆధారపడటాన్ని కాస్త సడలించాయి. సడలిన మేరకు ఓటుకు స్వేచ్ఛ వచ్చింది. చట్టం కూడా అదే సమయంలో కదిలింది. 1970 తరవాత పదకొండేళ్ల పాటు జరపకుండా వదిలేసిన గ్రామ పంచాయతీ ఎన్నికలు 1981లో జరిగాయి. ఈసారి సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంది. ఈ ఒక్క మార్పు ఊరి రాజకీయాన్ని ఎంత మార్చిందో మన చరిత్రకారులు తగినంత రాయలేదనిపిస్తుంది. అయిదారుగురు మెంబర్లను చేతిలో పెట్టుకుంటే సరిపోయిన పెద్దమనిషి ఇప్పుడు వెలివాడలోకి కూడా వెళ్లి దండం పెట్టాల్సి వచ్చింది.

తరవాతి పదిహేనేళ్లలో జరిగినవన్నీ దీనికి తోడయ్యాయి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవులను ఒక్క దెబ్బతో రద్దు చేసింది. ఊరి లెక్కలు వంశాల చేతిలోంచి జారిపోయాయి. 330 సమితుల స్థానంలో 1,104 మండలాలు వచ్చాయి. 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ ఛైర్మన్లను జనమే నేరుగా ఎన్నుకున్నారు. వెనుకబడిన తరగతులకు 20 శాతం, మహిళలకు 9 శాతం పదవులు కేటాయించారు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దానికి అనుగుణంగా చేసిన 1994 పంచాయతీరాజ్ చట్టం కింద 1995లో జరిగిన ఎన్నికల్లో మహిళలకు మూడో వంతు, దళితులకూ గిరిజనులకూ జనాభా నిష్పత్తిలో పదవులు దక్కాయి. ఎవరి వాకిట్లో నిలబడి మాట్లాడేందుకు జంకేవాళ్లో, వాళ్ల పక్కనే పంచాయతీ కార్యాలయంలో కుర్చీ వేసుకుని కూర్చునే అవకాశం చట్టంగా వచ్చింది.

ఏకగ్రీవానికి కొత్త అవసరం కూడా సరిగ్గా ఇక్కడే పుట్టింది. పదవి తమకు రాదని తెలిసిన పెద్దలు, అది ఎవరికి రావాలో తేల్చే పని చేపట్టారు. ఎస్సీ రిజర్వేషన్ వచ్చిన ఊళ్లో తమ దగ్గర పనిచేసే మనిషి చేత, మహిళా రిజర్వేషన్ వచ్చిన ఊళ్లో ఇంటి ఇల్లాలి చేత నామినేషన్ వేయించి, మిగతావాళ్ల చేత ఉపసంహరింపజేయడం రెండు రాష్ట్రాల్లోనూ పదేపదే కనిపించిన తంతు. పోటీ ఉంటే ఆ దళిత అభ్యర్థి తన వాడ ఓట్లతో పాటు ఇతర కులాల పేదల ఓట్లు కూడా అడిగి గెలవాలి. అలా గెలిచినవాడు ఎంతోకొంత జనానికి జవాబుదారీ. ఏకగ్రీవమైనవాడు తనను నిలబెట్టినవాళ్లకే రుణపడి ఉంటాడు. దీని భయంకరమైన రూపం పొరుగున తమిళనాడులో చూశాం. మదురై ప్రాంతంలోని మేలవలవు పంచాయతీ దళితులకు రిజర్వు అయితే, ఊరి ఆధిపత్య కులం ఎన్నికే వద్దని పట్టుబట్టింది. బెదిరింపులను లెక్కచేయక గెలిచిన అధ్యక్షుడు మురుగేశన్‌ను 1997 జూన్ 30న మరికొందరితో కలిపి నరికి చంపారు. మన ఊళ్లలో అంత రక్తం పారకపోవచ్చు. పోటీ చేయొద్దన్న ఆజ్ఞ మాత్రం ఒకే జాతికి చెందినది.

వేలంపాట ఈ తంతుకే ఇంకో రూపం. గుడి కట్టడానికో, బొడ్రాయి ప్రతిష్ఠకో, ఊరి అప్పు తీర్చడానికో ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లే సర్పంచ్ అని పాట పెడతారు. ఉత్తర తెలంగాణలో చట్టంతో సంబంధం లేకుండా నడిచే గ్రామాభివృద్ధి కమిటీలు కొన్నిచోట్ల ఈ పని చేశాయి. ఎదురుతిరిగినవాళ్లకు సాంఘిక బహిష్కారం విధించిన వార్తలూ వచ్చాయి. దీన్ని వెనకేసుకొచ్చేవాళ్లు ఓట్ల కోసం మందుకీ డబ్బుకీ తగలేసేది ఊరికే దక్కింది కదా అంటారు. ఎన్నికల ఖర్చు మీద వాళ్ల బాధ నిజమైనదే. తెలంగాణలో ఐదు వేలు దాటిన పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చుకు పరిమితి రెండున్నర లక్షలు, అంతకు తక్కువ జనాభా ఉంటే లక్షన్నర. ఆ గీత ఎన్ని ఊళ్లలో చెరిగిపోతుందో అందరికీ తెలుసు. అయినా వేలంపాట ఆ జబ్బుకు మందు కాదు. డబ్బున్నవాళ్ల మధ్య పోటీని అలాగే ఉంచి, డబ్బులేనివాళ్ల ఓటును అది తీసేస్తుంది. పైగా పాటలో పెట్టిన సొమ్ము రాబట్టుకునేది మళ్లీ పంచాయతీ పనుల్లోంచే. గుడికి ఇచ్చింది సిమెంటు రోడ్డులో తేలుతుంది.

ఇంతకన్నా గంభీరమైన అభ్యంతరం సర్వోదయవాదులది. వినోబా భావే గ్రామదాన గ్రామాల్లో నిర్ణయాలు ఏకాభిప్రాయంతో జరగాలన్నాడు. జయప్రకాశ్ నారాయణ్ 1959లో భారత రాజ్యవ్యవస్థ పునర్నిర్మాణం గురించి రాసినప్పుడు, పార్టీల పోటీ పల్లెను ముక్కలు చేస్తుందని హెచ్చరించాడు. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా ఉంగరం, కత్తెర లాంటి గుర్తుల మీద జరగడం వెనక ఆ ఆలోచన నీడ ఉంది. ఈ ఇద్దరి నిజాయితీ ప్రశ్నించలేనిది. కానీ వాళ్లు కోరిన ఏకాభిప్రాయానికి ఒక ముందు షరతు ఉంది. భూమి మీద సొంతం పోవాలి, గ్రామసభలో ప్రతి మనిషీ సమానంగా కూర్చోవాలి, ఒక్కరు కాదన్నా నిర్ణయం ఆగాలి. ఆ షరతు నెరవేరని ఊళ్లో ఏకాభిప్రాయాన్ని మాత్రం తెచ్చుకుంటే, కాదనే ధైర్యం లేనివాడి మౌనాన్ని ఒప్పుదల కింద జమ వేసుకున్నట్టే. 

రాయలసీమ సంగతి తెలిసినవాళ్లు ఇంకో మాట అంటారు. ఫ్యాక్షన్ ఊళ్లలో పంచాయతీ ఎన్నిక అంటే కక్షలు రగిలే రోజు. ఏకగ్రీవం అయితే కనీసం తలలు తెగవు. తేలిగ్గా తోసెయ్యగలిగిన మాట కాదిది. ఎన్నికలప్పుడు ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి. అయితే ఫ్యాక్షన్ ఊళ్లో ఏకగ్రీవం సాధారణంగా రాజీ వల్ల రాలేదు, ఒక పక్షం ఊరు వదిలి పోయేంతగా లొంగిపోవడం వల్ల వచ్చింది. అలాంటి శాంతి అవతలి పక్షం తిరిగి పుంజుకునే దాకానే నిలుస్తుంది. భయం ఉన్నచోట కావాల్సింది పోలీసు బందోబస్తు, కేసుల మీద శిక్షలు. బహుమతి సొమ్ము ఆ భయానికి ప్రభుత్వ ముద్ర వేస్తుంది. 2021 ఫిబ్రవరిలో మొదటి విడత నామినేషన్ల తరవాత చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు అసాధారణంగా కనిపించాయి. వివరాలు తేలేదాకా ఆ ఫలితాలు ప్రకటించవద్దని ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ ఆదేశించాల్సి వచ్చింది. కమిషనర్‌కూ ప్రభుత్వానికీ అప్పటికే నడుస్తున్న వైరం వల్ల చర్చంతా వ్యక్తుల చుట్టూ తిరిగింది. అసలు ప్రశ్న, ఓటు పడకుండా ఎన్నిక పూర్తయిందనడం ఎంతవరకు సబబు అన్నది, పక్కకు పోయింది. నాలుగు విడతలూ ముగిసేసరికి ఆంధ్రప్రదేశ్‌లో రెండు వేలకు పైగా పంచాయతీల్లో సర్పంచ్ పదవికి పోలింగే జరగలేదు.

జనానికి ఆసక్తి లేదు కాబట్టే పెద్దలు తేల్చేస్తున్నారన్న మాట అంకెల ముందు నిలవదు. అదే 2021లో పోటీ జరిగిన పంచాయతీల్లో మొదటి విడతలోనే 81 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. 2019లో తెలంగాణ మొదటి విడత 85 శాతం దాటింది. 2020 డిసెంబరు 1న హైదరాబాద్ మహానగర ఎన్నికల్లో పడింది 46.55 శాతం. ఉదయమే వచ్చి గులాబీ బ్యాలెట్ సర్పంచ్‌కూ తెల్ల బ్యాలెట్ మెంబరుకూ వేసి, సాయంత్రానికి లెక్కింపు కూడా అయిపోయి, అదే రోజు ఉపసర్పంచ్ ఎన్నికా చూసుకునే పల్లె ఓటరుకు ఆ ఓటు విలువ బాగా తెలుసు. కూలికి వలసపోయినవాళ్లు బస్సెక్కి వస్తారు. అభ్యర్థులు ఛార్జీలిచ్చి రప్పిస్తారన్నది నిజమే. అలా ఒక్కొక్క ఓటు కోసం వెతుక్కుంటూ పోవాల్సి రావడంలోనే ఆ మనిషికి ఊళ్లో ఒక విలువ ఏర్పడింది. అయిదేళ్లకొకసారైనా.

మంచి మనిషిని చూసి మిగతావాళ్లు తప్పుకుని, ఊరు నిజంగానే ఎన్నుకున్న సందర్భాలు లేకపోలేదు. వాటిని కించపరచనక్కర్లేదు. కానీ ఇప్పటి చట్టంలో ఆ నిజమైన ఒప్పుదలకూ, భయపెట్టి తెచ్చిన ఒప్పుదలకూ, కొనుక్కున్న పదవికీ తేడా తెలుసుకునే ఏర్పాటు లేదు. ఉపసంహరణ గడువు దాటాక ఒక్క నామినేషన్ మిగిలితే రిటర్నింగ్ అధికారి గెలిచినట్టు ప్రకటిస్తాడు, అంతే. ఒక్క అభ్యర్థే ఉన్నా బ్యాలెట్ పెట్టి, పక్కన నోటా గడి ఉంచి, ఊరిని అడిగితే ఆ తేడా సాయంత్రానికల్లా బయటపడుతుంది. నిజంగా నచ్చినవాడైతే ఆ ఓటు అతనికి బలమే అవుతుంది. నోటాకే ఎక్కువ ఓట్లు పడితే మళ్లీ నామినేషన్లు పిలవాలి. ఏకగ్రీవానికి ఇస్తామంటున్న ఐదు లక్షలో పది లక్షలో ఈ పోలింగ్‌కు కావాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మిగిలింది చట్టం చెప్పినన్ని గ్రామసభలు నిజంగా జరిపి, వచ్చినవాళ్ల సంతకాలతో తీర్మానాలు రాసిన ఊళ్లకు ఇవ్వవచ్చు. అంతకంటే ముందు ఎన్నికలు గడువుకు జరగాలి. 2011లో పదవీకాలం ముగిసిన పంచాయతీలకు 2013 జూలైలో గాని ఎన్నికలు పెట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో జరగాల్సినవి 2021కి వచ్చాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా ప్రత్యేకాధికారులే పల్లెలను నడిపారు. ఆ నెలల్లో ఊరి డబ్బు ఖర్చయింది, సంతకాలు పడ్డాయి. ఏ పనికి ఎంత అయిందని నిలదీయడానికి ఓటు వేసి పంపిన మనిషి ఒక్కరూ ఆ కార్యాలయంలో లేరు.